మీకు తెలుసా? క్లచ్‌లో కలగాపులగం కుదరదు

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32 కార్లన్నింటికీ ఒకే క్లచ్ సరిపోదు. 1993 తొలినాళ్ల వరకు వచ్చినవాటిలో రిలీజ్ బేరింగ్ డయాఫ్రమ్ స్ప్రింగ్‌ను నొక్కుతుంది, తర్వాతివాటిలో లాగుతుంది. ఈ తేడా నయం, బిగించేటప్పుడే బయటపడుతుంది. అసలు చిక్కు ఒక కంపెనీ ప్రెషర్ ప్లేటుకు మరో కంపెనీ డిస్క్ జత చేసినప్పుడు. డిస్క్ గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్లమీదికి చక్కగా ఎక్కుతుంది, కారూ కదులుతుంది. కానీ ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగ్ బిగింపు డిస్క్ మందాన్ని బట్టి మారుతుంది. మందం పెరిగితే పట్టు పెరగాలి కదా? తరచూ తగ్గుతుంది! ఆ స్ప్రింగ్ ఒక హద్దు దాటి వంగితే బలం పడిపోతుంది మరి. పలచనైతే కొత్త డిస్కే కొంత అరిగినదానిలా ప్రవర్తించి, త్వరగా జారడం మొదలుపెడుతుంది. అమ్మేవాడు ‘సెట్టయిపోద్ది సార్’ అన్నా, ముందు మందం కొలిపించండి.