పాత కారు బాగుచేయించాలంటే ముందు రేకు చూడాలి

బాలాపూర్: పట్నానికి ఆనుకుని ఉన్న ఈ ఊళ్లలో అక్కడక్కడ వేపచెట్టు కిందనో, పశువుల కొట్టం పక్కనో టార్పాలిన్ కప్పిన పాత కారొకటి కనబడుతుంది. చాలావరకు అది అంబాసిడర్, కాకుంటే ప్రీమియర్ పద్మిని. ఒకప్పుడు పెళ్లికొడుకును ఊరేగించిన బండి. అర్ధరాత్రి నొప్పులు పడుతున్న ఇంటి కోడలిని ఉస్మానియా ఆస్పత్రికో, జజ్జిఖానాకో చేర్చిన బండి. పెద్దాయన పోయాక తాళంచెవి గూట్లో పడింది. టైర్లు నేలకు కరుచుకున్నాయి, సీట్ల కింద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అన్నదమ్ముల్లో ఒకరు కబాడీకి అమ్ముదామంటారు, ఇంకొకరు బాగుచేయిద్దామంటారు.

అమ్మితే లెక్క తేలిక. అంబాసిడర్ బరువు సుమారు 11 క్వింటాళ్లు, ఆనాటి ఇనుము ధరతో గుణిస్తే సరి. బాగుచేయించడానికే లెక్క దొరకదు. ఇంజనుకైతే దొరుకుతుంది. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్‌కెట్లు ఏవి ఎన్ని కావాలో మెకానిక్కు ఇంజను విప్పగానే చెప్పగలడు. కొత్తవో, పాతవో రాణిగంజ్‌లో, మల్లేపల్లిలో వెదికి తెచ్చుకోవచ్చు. చింత చచ్చినా పులుపు చావనట్టు, పదేళ్లు మూలబడిన అంబాసిడర్ ఇంజను కూడా కొత్త బ్యాటరీ పెట్టి, కార్బురేటరు శుభ్రం చేసి, పాత పెట్రోలు తీసేస్తే ఒక్కోసారి దగ్గుతూ లేస్తుంది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంజను లేచింది గదా, ఇక కొంచెం డెంటింగు, పెయింటింగు చేయిస్తే చాలునని బండిని షెడ్డుకు తోలుతారు. ఆ "కొంచెం" ఎంతవుతుందో పాత రంగు గీకేదాకా పనివాడికి కూడా తెలియదు.

లోపలినుంచి తినే జంగు

కారు తిరిగి పాడయ్యేదానికంటే ఊరికే నిలబడి పాడయ్యేదే ఎక్కువ. ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే జంగు పడుతుంది. నడిచే బండికి తగిలిన తడి ఎండకూ గాలికీ ఆరిపోతుంది. నిలబడిన బండికి ఆరదు. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎండి పగులుతుంది. వానాకాలంలో ఆ పగుళ్లలోంచి కారిన నీరు కాళ్ల కింది రబ్బరు మ్యాట్టు అడుగున చేరి నెలల తరబడి అక్కడే ఉంటుంది. డోర్ల అడుగున నీరు పోవడానికి కంపెనీవాళ్లు పెట్టిన చిన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోతాయి. డిక్కీలో స్టెప్నీ టైరు కిందా, మడ్‌గార్డుల లోపలి మడతల్లోనూ ఇదే కథ. బ్యాటరీ పెట్టే చోటు మరీ అన్యాయం, అక్కడ యాసిడ్ చుక్కలు పడి రేకును తినేస్తాయి. టార్పాలిన్ కప్పితే బండి భద్రంగా ఉందనుకోవడం కూడా పొరపాటే. నేలనుంచి లేచే తడిని అది బయటికి పోనివ్వదు.

తినేసిన ఇనుము కంటే జంగు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్లనే అది లోపల పెరిగి రంగును పైకి నెడుతుంది. పైన శనగగింజంత బుడగ కనిపించిందంటే దాని వెనుక అరచేయంత రేకు చివికిపోయి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిస్తే లోపలికి దిగిపోయే చోట్లు ఎన్నో బయటపడతాయి.

అంబాసిడర్ విషయంలో ఇది మరీ గమనించవలసిన సంగతి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1950 దశకం చివరనుంచి 2014 మే నెల వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారుచేసింది. లారీకి, పాత జీపుకు ఉన్నట్టు దీనికి విడిగా చాసీ ఉండదు. రేకుల బాడీయే చాసీ కూడా. డోర్ల కింద ముందునుంచి వెనక్కు పోయే పెట్టెలాంటి పట్టీలు, ఫ్లోరు, స్ప్రింగులు బిగించే చోట్లు కలిసే బండి బరువు మోస్తాయి. ప్రీమియర్ పద్మినిది కూడా ఇదే పద్ధతి. అంటే వీటిలో డోరు కింది పట్టీ తుప్పు పట్టడం అందానికి సంబంధించిన సంగతి కాదు. ఇంటికి దూలం చెదపట్టినట్టు లెక్క.

పైన పటారం, లోన లొటారం

చివికిన రేకును కోసి కొత్త రేకు వేయడానికి రోజులు పడుతుంది. దానిమీద లప్పం మెత్తి, ఇసుక కాగితంతో రుద్ది, రంగు కొట్టడానికి ఒక పూట చాలు. చూపుకు రెండూ ఒకటే, ఇంకా చెప్పాలంటే లప్పం పెట్టిందే నున్నగా ఉంటుంది. ఒక వానాకాలం గడిచేసరికి గుట్టు బయటపడుతుంది. లప్పం తడిని పీల్చుకుంటుంది, దాని వెనుక జంగు పని మానదు. రంగు పొక్కి, ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. లప్పం అనేది సుత్తితో సరిచేసిన రేకు మీద మిగిలిన చిన్న ఎత్తుపల్లాలు కప్పడానికి పుట్టింది. రెండు మూడు మిల్లీమీటర్లకు మించితే దాని పని అది చేయదు. ఇక చిల్లులు పూడ్చడం దానివల్ల అయ్యేది కాదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్కను పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుతూ పోతే, రేకున్న చోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్న చోట జారిపోతుంది. వేళ్లతో తట్టినా తెలుస్తుంది, రేకు గణగణమంటుంది, లప్పం బొదబొదమంటుంది. రంగు వేసి తళతళలాడే పాత కారును కొనబోయేవారు ఇంజను శబ్దం వినడానికి ముందు ఈ పరీక్ష చేయడం మేలు.

నిజాం గ్యారేజీలోనూ ఇదే గతి

డబ్బున్నవాడి కారుకు జంగు భయం లేదనుకుంటే తప్పు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరిలో మరణించాక ఆయన మనుమడు ముకరం జా చేతికి వచ్చిన గ్యారేజీలో 60 కార్లుంటే నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ 2007లో రాశారు. పెట్రోలు, విడిభాగాల ఖర్చు మాత్రం ఏటా పుస్తకాల్లో పడుతూనే ఉండేదట! నిలబెట్టిన బండ్ల మీద పెట్టుబడి అంటే ఇదే.

ఆ సంస్థానపు కార్లలో పేరుపడ్డది పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దీన్ని చేయించమని పురమాయించారు, కాని బండి రాకముందే 1911 ఆగస్టులో ఆయన మరణించారు. వెనుక సింహాసనం వలె ఎత్తుగా సీటు ఉండడంతో "తఖ్తు కారు" అని పేరు. ఉత్సవాలకే తీయడంవల్ల అది తిరిగింది మొత్తం 356 మైళ్లేనని చెబుతారు. అంటే ఇక్కడినుంచి తిరుపతి పోయినంత. యునెస్కో 2010లో పురస్కారమిచ్చిన చౌమహల్లా పాలెస్‌లో దానిని ప్రదర్శనకు ఉంచారు. బాలాపూర్‌నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా పోతే దగ్గరే.

ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ అమ్మింది ఇంజను, చాసీ మాత్రమే. బాడీని వేరే పనివాళ్ల దగ్గర చేయించుకోవాలి, దానికి బిల్లు వేరు. నిజాం కారుకు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వారు అంతకుముందు గుర్రపు బగ్గీలు కట్టినవారే. కారులో యంత్రానికి ఒక ఖర్చు, ఒంటికి మరో ఖర్చు అన్న సంగతి మోటారు పుట్టిననాటినుంచీ ఉన్నదేనన్నమాట.

గుత్తకా, రోజు కూలికా?

షెడ్డుకు పోగానే వచ్చే మొదటి ప్రశ్న ఇదే. మొత్తం పనికి ఇంత అని గుత్తకు మాట్లాడితే యజమానికి నిశ్చింత. అయితే లోపల ఎంత జంగు ఉన్నదో తెలియకముందే ఒప్పుకున్న మొత్తం కనుక, ఎక్కువ బయటపడితే పనివాడికి నష్టం. ఆ నష్టం పూడ్చుకోవడానికి ఉన్న దగ్గరి దారి లప్పమే. అతన్ని పూర్తిగా తప్పుపట్టడానికి కూడా లేదు. రోజు కూలికి పెడితే పని నాణ్యంగా రావచ్చు గాని అంతు ఉండదు. బండి షెడ్డులో ఏడాది పాటు ఉండిపోయి, యజమాని పోయినప్పుడల్లా ఇంకో బండి పని జరుగుతుండడం పాత కార్లవాళ్లందరికీ అనుభవమే.

ఈ రెంటికీ మధ్యమార్గం పనిని విడగొట్టి డబ్బివ్వడం. మొదట సీట్లు, అద్దాలు, బీడింగులు, పెట్రోలు ట్యాంకు విప్పి, రంగంతా గీకించి రేకు బయటపెట్టడానికి మాత్రమే కూలి మాట్లాడుకోవాలి. ట్యాంకు విప్పకుండా దగ్గర్లో గ్యాస్ వెల్డింగు చేయనివ్వడం ప్రాణాలతో చెలగాటం. రేకు బయటపడ్డాక ఎక్కడ కోయాలో సుద్దతో గీయించి, ఆ గీతలను చూసి రెండో మాట మాట్లాడాలి. అప్పుడు చెప్పే అంచనా నమ్మదగ్గది. ఆ దశలోనే చాలామంది గుండె జారి వెనక్కు తగ్గుతారు. తగ్గినా నష్టం కొద్దిపాటి కూలితో పోతుంది. రంగు వేశాక తెలిసి బాధపడేకంటే అది నయం.

రేకు పని జరిగేటప్పుడు మెరిసే ఇనుము కనబడేదాకా కోయాలి. జంగు పట్టిన అంచుకు వెల్డింగు నిలవదు. అతుకు వేసే రేకు పాతదాని గేజీదే కావాలి. పల్చటిది వేస్తే త్వరగా పోతుంది, మందంది వేస్తే వంపు తిరగదు. గ్యాస్ మంటకు పెద్ద రేకు అలలు అలలుగా వంకరపోతుంది. సి.ఓ.టు వెల్డింగుతో వేడి తక్కువ చోట నిలుస్తుంది. డోరు కింది పట్టీలు కోసేటప్పుడు బాడీ కింద సరిగ్గా ఆన్లు పెట్టకపోతే బండి నడుము వంగి, తర్వాత డోర్లు మూసుకోవు. రేకు పని ముగిసిన రోజున, ప్రైమరు కొట్టకముందు యజమాని స్వయంగా పోయి చూసి, ఫొటోలు తీసుకుని, ఆ వంతు డబ్బివ్వడం ఉత్తమం. ప్రైమరు పడ్డాక చూడడానికి ఏమీ మిగలదు.

ఈ పనంతటిలో ఒక్కచోట మాత్రం సుత్తిగాని, గ్రైండరుగాని తగలనివ్వకూడదు. అది చాసీ నంబరు పొడిచిన చోటు. ఆ అంకెలు చెరిగితే బండి ఎంత బాగున్నా కాగితాల ప్రకారం దొంగబండి కిందే లెక్క.

కాగితాలకు కూడా ఖర్చుంది

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌నుంచి కేంద్రం దీని రుసుమును 5,000 రూపాయలు చేసింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కు పెంచింది. గడువు దాటి నిద్రపోయిన బండికి అదనపు రుసుము కూడా ఉంటుంది. రంగు మార్చితే ఆర్.సి.లో నమోదు చేయించాలి. పాత రంగే వేయిస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

తొలి రిజిస్ట్రేషన్‌నుంచి 50 ఏళ్లు దాటిన వాటికి 2021 జూలైలో వేరే నిబంధనలు వచ్చాయి. 20,000 రూపాయలు కట్టి వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. అది పదేళ్లు చెల్లుతుంది, ఆపైన పొడిగింపుకు 5,000. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. ఏపీతో మొదలయ్యే తండ్రినాటి నంబరు మీద మమకారం ఉన్నవారికి ఇది ఊరట. అయితే ఆ బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించడానికే రోడ్డెక్కించాలి. పైగా చాసీ, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. వాటికి గణనీయమైన మార్పులు చేస్తే ఈ గుర్తింపు రాదు. ముచ్చటపడి మడ్‌గార్డులు వెడల్పు చేయించినవారు, పైకప్పు కోయించినవారు డబ్బిచ్చి మరీ ఈ అవకాశం పోగొట్టుకున్నట్టే.

ఇంత పెడితే తిరిగి వస్తుందా అంటే, అమ్మకం ధరలో చాలాసార్లు రాదు. ధర ఒక్కటే అయితే బాలాపూర్ వారికి వేరే చెప్పనవసరం లేదు. 1994లో 450 రూపాయలకు పోయిన గణేశుని లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. అందులోని పిండి, చక్కెర లెక్కగట్టి ఎవరూ పాట పాడలేదు. పాత కారు సంగతి కూడా అంతే గాని, ఇంట్లో ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బుతోనో, అప్పుతోనో చేయవలసిన పని మాత్రం ఇది కాదు.

చేయగల పనివారు కూడా తగ్గుతున్నారు. ఇప్పటి కారుకు మడ్‌గార్డు నొక్కుకుంటే విప్పి కొత్తది బిగిస్తారు. ఒక చేత సుత్తి, వెనుక డాలీ పట్టుకుని చదును రేకును గుండ్రంగా సాగదీసే చేతులు ముసలివైపోతున్నాయి. వారి కొడుకులు క్యాబులు నడుపుతున్నారు, శంషాబాద్ విమానాశ్రయంలో పనులకు పోతున్నారు. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో క్రికెట్ బ్యాటు, బర్గర్ ఆకారాల్లో తుక్కుతో కట్టిన బండ్లను చూసి పిల్లలు నవ్వుకుంటారు గాని, రేకును అలా వంచడం వెనుక ఉన్నది ఈ విద్యే.

పని పెట్టుకునేవారు వానలు వెనకబడ్డాక, కార్తీకంలో మొదలుపెట్టి ఎండాకాలం ముదరకముందే ముగించుకోవడం మంచిది. గీకిన రేకుకు ఒక్క రాత్రి మంచు తగిలినా ఎర్రబారుతుంది కనుక ఏ రోజు గీకింది ఆ రోజే ప్రైమరు కొట్టించాలి. రంగు ఆరాక డోర్లలోపలా, కింది పట్టీల బోలులోపలా మైనమో, చిక్కటి నూనెో పిచికారీ చేయించాలి. డోర్ల అడుగు రంధ్రాల్లో లప్పం, రంగు పూడుకున్నాయేమో సన్నటి తీగ పెట్టి చూసుకున్నాకే ఆఖరి వంతు డబ్బివ్వాలి.