అమ్మ తెల్లచీర, నా కెమెరా

మా నాన్నగారు 2009లో ప్రభువు సన్నిధికి వెళ్లినప్పుడు ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా సరైనది లేదు. ఓటరు కార్డు మీది బొమ్మను పట్నంలో ఒక స్టూడియోవారికిచ్చి పెద్దది చేయించాం. వారు దానికి కోటు, టై తొడిగి ఇచ్చారు. నాన్నగారు బ్రతికినన్నాళ్లూ పంచె, భుజాన తువ్వాలు తప్ప కోటు ఎరుగరు. అమ్మ ఆ పటం వంక చాలాసేపు చూసి, "ఎవర్రా ఈయన?" అంది. ఆ పటమే నేటికీ మా గోడ మీద ఉంది.

భూస్థాపన ఆరాధనలకు వెళ్లినప్పుడు ఇటువంటి పటాలు ఎన్నో ఇళ్లలో చూస్తుంటాను. మనవల ఫోనులో వందల ఫొటోలుంటాయి గాని, తాతది ఒకటి ఇమ్మంటే వెదుకులాటే.

అమ్మకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. అందుకే కిందటేడు విజయవాడలో ఒకరు వాడిన నికాన్ డి3200 కెమెరాను పద్నాలుగు వేలకు కొన్నాను. 2012లో వచ్చిన మోడలు అది. "ఆ డబ్బుతో వంటింటి రేకులు మార్పించవచ్చు గదండీ" అంది నా భార్య. ఆమె మాట న్యాయమే. వంటిల్లు ఇంకా కారుతూనే ఉంది.

నా చిన్నతనంలో మేమెరిగింది అగ్ఫా క్లిక్ 3 పెట్టె కెమెరా. రీలుకు పన్నెండే ఫొటోలు. ఒకటి పాడైతే పెద్దలు మందలించేవారు. ఇప్పటి కెమెరాలో ఎన్నిసార్లు తప్పు చేసినా ఖర్చు లేదు. ఆ ధైర్యంతోనే ముందు పెరట్లోకి దిగాను, మొక్కలు విసుక్కోవు కనుక.

బెండపువ్వు ఉదయం విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. కాబట్టి రెండు పూటలా నాకు పనే. కెమెరాతో వచ్చిన మామూలు లెన్సుతో సుమారు అడుగు దూరం వరకే దగ్గరకు పోగలం. అంతకంటే దగ్గరైతే పువ్వు మసకబారుతుంది. మధ్యాహ్నపు ఎండలో తీసినవన్నీ తెల్లగా పాలిపోయాయి. ఎనిమిది గంటల లోపు తీసినవే నిలిచాయి.

ఇంతలో ఒక వింత జరిగింది. పళ్లెం నిండా మల్లెపూలు తీస్తే బూడిద రంగులో వచ్చాయి! కెమెరా చెడిందేమోనని బెంగపడ్డాను. తరువాత తెలిసింది: కెమెరాలో వెలుతురును కొలిచే సాధనం తాను చూసేదంతా నలుపూ తెలుపూ కాని మధ్యరకమే అనుకుంటుందట. అంతా తెల్లగా కనబడితే, వెలుతురు ఎక్కువైందని తలచి తగ్గించివేస్తుంది. కూడిక, తీసివేత గుర్తులున్న మీట నొక్కి ఒక అంకె కూడితే మల్లెలు మల్లెల్లాగే వచ్చాయి.

పిల్లల సంగతి వేరు. సెకనులో అరవయ్యో వంతు వేగంతో తీస్తే, కోడిపిల్లల వెంట పరుగెత్తే మా చిన్నవాడు పొగలా వచ్చాడు. అయిదువందలో వంతుకు మారిస్తే వాడి చెప్పు గాలిలో ఎగరడం కూడా నిలిచింది. అందరినీ రెండు వరుసల్లో నిలబెట్టినప్పుడు ముందువరుస స్పష్టం, వెనక నా భార్య మసక. లెన్సు కన్ను సన్నం చేసి, అంకె 8కి పెట్టి మళ్లీ తీయవలసి వచ్చింది. ఆ మొదటి ఫొటోను ఆమె ఇంకా క్షమించలేదు.

ఇక అమ్మ. "ముసలిదానికి ఫొటో ఏంట్రా, ఆ ఆకులేవో తీసుకో పో" అంది. నాలుగు రోజులు బ్రతిమాలితే సున్నం గోడ ముందు తెల్లచీరతో, రేషన్ కార్డుకు కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది. తీసి చూస్తే చీర, గోడ బాగానే ఉన్నాయి. ముఖం మాత్రం నల్లబడిపోయింది, కళ్లే కనబడలేదు. నా గుండె జారిపోయింది. నాన్నగారి పటం గుర్తుకొచ్చింది.

మల్లెపూల పళ్లెం జ్ఞాపకం వచ్చేదాకా నాకు బోధపడలేదు. తెల్లచీర, తెల్లగోడ చూసి కెమెరా మళ్లీ అదే పొరపాటు పడింది! మన పల్లెల్లో ఎండకు కమిలిన ముఖాలు, ఉతికిన తెల్లబట్టలు. ఫోనులో తీసినా ఇదే చిక్కు. తెరమీద ముఖంపై వేలు పెట్టి నొక్కితే కొంత సర్దుకుంటుంది.

మరునాడు పొద్దున్నే అమ్మను పడమటి వరండాలో కూర్చోబెట్టాను. నేరుగా ఎండ పడదు, ఎదురుగా ఆకాశపు వెలుతురు ఉంటుంది. ఒక అంకె కూడాను. చేతికి చిక్కుడుకాయల చేట ఇచ్చాను. ఈనెలు తీస్తూ తీస్తూ నన్ను మరచిపోయింది. "మీ నాన్న చిక్కుడు పాదు ఎక్కడ వేసేవాడో తెలుసా" అంటూ తలెత్తింది. అప్పుడు నొక్కాను. చీర అంచు వెలుతురులో కొంచెం కలిసిపోయింది, పోతే పోనీ. ముఖంలోని ప్రతి ముడతా ఉంది.

ప్రింటు వేయించి తెచ్చి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "దంతం ఊడింది కనబడుతోందిరా" అని నవ్వింది. తన భూస్థాపనకని దాచుకున్న కొత్త చీర మడతలో పెట్టి పెట్టె మూసింది. "కోటు మాత్రం వేయనివ్వకు" అంది.