వేసవిలో గొర్రెలకు చెట్ల ఆకుల మేత

మెట్ట ప్రాంతాలలో గొర్రెల పెంపకం ప్రధానంగా ఆరుబయట మేపుపైనే ఆధారపడి ఉంది. వర్షాకాలపు పచ్చికతో కండపట్టిన జీవాలు వేసవి వచ్చేసరికి మోళ్ళు, ఎండుగడ్డితోనే కడుపు నింపుకోవలసి వస్తుంది. తొలకరితో ఎదకు రావలసిన గొర్రెలు చిక్కిపోతే చూలు కట్టడం తగ్గుతుంది. పిల్లల ఎదుగుదల కుంటుపడి అమ్మకపు బరువుకు చేరడం ఆలస్యమవుతుంది. దాణా కొనలేని పెంపకందారులకు చెట్ల ఆకులు చక్కని ప్రత్యామ్నాయం.

ఆకుమేత ఎందుకు?

గొర్రె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు పీచును జీర్ణం చేయాలంటే మేతలో కనీసం 7 శాతం మాంసకృత్తులు ఉండాలి. జొన్నచొప్పలో అవి 3-4 శాతమే. సుబాబుల్, అవిశ, గ్లైరిసీడియా ఆకుల శుష్క పదార్థంలో 20 శాతానికి పైగా ఉంటాయి. కనుక ఎండుమేతకు కొద్దిపాటి ఆకు తోడైనా జీవాలు చొప్పను ఎక్కువగా తిని, బాగా జీర్ణం చేసుకుంటాయి.

ఎంత మేపాలి?

20 కిలోల గొర్రె రోజుకు సుమారు 700 గ్రాముల శుష్క పదార్థం తింటుంది. అందులో నాలుగవ వంతు సుబాబుల్ ద్వారా అందించడానికి సుమారు 600 గ్రాముల పచ్చి ఆకు సరిపోతుంది. తొలుత గుప్పెడుతో ప్రారంభించి, పది రోజులలో ఈ మోతాదుకు చేర్చాలి.

జాగ్రత్తలు

సుబాబుల్‌లోని మైమోసిన్ అనే విషపదార్థం వలన, ఆకు మోతాదు మించితే ఉన్ని రాలడం, చొంగ కార్చడం, గొంతువాపు, బరువు తగ్గడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. అందువలన మొత్తం మేతలో ఇది 30 శాతం మించరాదు. చూడి గొర్రెలకు ఇంకా తగ్గించాలి. హవాయి దీవులలోని మేకల పొట్టలో ఈ విషాన్ని విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవిని గుర్తించి, 1980 దశకంలో ఆస్ట్రేలియా పశువులకు అందించి సత్ఫలితాలు పొందారు. అయితే ప్రతి మందలోనూ అటువంటి సూక్ష్మజీవులు ఉంటాయని భావించరాదు.

గ్లైరిసీడియా ఆకును వాసన కారణంగా గొర్రెలు మొదట ముట్టవు. ఒక రాత్రి వాడబెట్టి, అలవాటైన మేతతో కలిపి ఇస్తే క్రమంగా తింటాయి. జమ్మి, తుమ్మ ఆకులలోని టానిన్లు మాంసకృత్తులను బంధించి జీర్ణం కానీయవు కాబట్టి వాటిని ఏకైక మేతగా వాడరాదు.

చెట్ల పెంపకం

సుబాబుల్ విత్తనం పైపొర గట్టిగా ఉంటుంది. వేడినీటిలో కొద్ది నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, తొలకరిలో గట్లపై విత్తుకోవాలి. నీరు నిలిచే నేలలు పనికిరావు. మొక్కలు వేరూనే వరకు మందను దూరంగా ఉంచాలి. కొమ్మలు సమృద్ధిగా లభించే కాలంలో ఆకును నీడలో ఆరబెట్టి గోనెసంచులలో నిల్వచేసుకుంటే వేసవికి అక్కరకు వస్తుంది. సొంత భూమి లేని కాపరులు, కాగితపు కలపకై సుబాబుల్ నరికే తోటల యజమానులతో ముందే మాట్లాడుకొని, వృథాగా పోయే ఆకును సేకరించుకోవచ్చు.