స్మెయిల్‌హోమ్ బురుజు

మన ప్రాంతపు పల్లెలలోని పాతబురుజులు కావలికొఱకు కట్టబడినవి. వానిలో కాపురముండినవారు లేరు. స్కాట్లండు దేశమునందన్ననో భూస్వాములు బురుజునే యిల్లుగా కట్టుకొని భార్యాబిడ్డలతో నందు నివసించిరి. అట్టివానిలో నొకటి, ఇంగ్లండు సరిహద్దునకు చేరువను, ఒక నల్లరాతిగుట్టపై నున్న స్మెయిల్‌హోమ్. దీనిని 15వ శతాబ్దమున ప్రింగిల్ వంశీయులు కట్టించిరని చెప్పుదురు.

ఆ కాలమున సరిహద్దున కిరుప్రక్కలవారును రాత్రివేళ గుఱ్ఱములెక్కి వచ్చి యొండొరుల పశువులను తోలుకొని పోవుచుండిరి. అందుచే 1535లో స్కాట్లండు పార్లమెంటు, నూఱు పౌనుల భూమిగల ప్రతి సరిహద్దు భూస్వామియు 60 అడుగుల చదరమున రాతిప్రాకారము కట్టి, ఆపత్కాలమున తన రైతులకును వారి సొత్తునకును అందు చోటీయవలెనని శాసించెను.

బురుజు ఎత్తు సుమారు 65 అడుగులు; గోడల మందము 7 అడుగులు. అడుగున కమానుకప్పు గల కొట్టుగది, దానిపై పెద్ద పొయ్యిగల సభాశాల, ఆపైన పడకగదులు. ఒక మూలనున్న చుట్టుమెట్లు మిక్కిలి యిఱుకైనవి. పైకప్పును రాతికమానే గనుక నిప్పునకు భయములేదు.

మాకన్నిటికంటె నచ్చినది కావలివాని పీఠము. అది కొనయందు పొగగొట్టమున కానుకొని యున్నది. దాపుననే లాంతరుంచుటకు గూడు. క్రింద దొరగారి పొయ్యి మండుచుండ, ఆ వెచ్చదనము వీపునకు తగులుచుండ, పాపము, ఆ సేవకుడు చలిరాత్రులు గడపియుండును! శత్రువుల జాడ తెలుపుటకు 1455 నాటి శాసనమొకటి కలదు: ఒక మంట వారి రాకను, రెండు మంటలు ఆ రాక నిశ్చయమనియు, నాలుగు మంటలు మహాబలముతో వచ్చుచున్నారనియు తెలుపును.

1603లో రెండు రాజ్యములకు నొక్కడే రాజైన పిమ్మట దోపిళ్లు క్రమముగా నణగెను. 1645లో బురుజు హార్డెన్ స్కాట్ వంశీయుల పాలయ్యెను. 1773 ప్రాంతమున, జబ్బుచే కుడికాలు చచ్చుపడిన యొక పసివానిని ఎడింబరోనుండి ఈ గుట్టక్రిందనున్న తాతగారి పొలమునకు పంపిరి. నాయనమ్మయు మేనత్తయు చెప్పిన సరిహద్దు కథలను వినుచు, ఈ గోడలను చూచుచు పెరిగిన యా బాలుడే సర్ వాల్టర్ స్కాట్. మన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని 'ఆంధ్ర స్కాట్' అనుట యీ నవలాకర్త పేరనే.

పెద్దవాడైన పిమ్మట, శిథిలమగుచున్న బురుజును కాపాడుమని స్కాట్ దాని యజమానుని వేడగా, అందులకు బదులుగా దీనినిగూర్చి యొక గేయకథ వ్రాసి యీయుమని యాతడు కోరెనట. స్కాట్ వ్రాసి యిచ్చెను. బురుజు నేటికిని నిలిచియున్నది.