పాత మోటారుసైకిలు: గేరు మొండికెత్తినచో నిదానము



వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన వృద్ధునకు మోటారుసైకిలుతో నేమి పని యని తమకు తోచవచ్చును. ఆ సందేహము న్యాయమే. అయినను ఇరువది యేండ్లకు పైగా ఒక పాత బుల్లెట్టుబండి నన్ను బడికి మోసినది. అది నాకు నేర్పిన పాఠ మొకటి తమకు విన్నవింపదలచితిని.

1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడినది మొదలు బుల్లెట్టుబండి మన కాలువగట్లకు క్రమముగా పరిచితమైనది. తండ్రి కొన్న బండిని కుమారుడు నడుపు గృహములు నేటికిని కలవు. ఆ పాత బండ్లకు గేరుమీట కుడికాలి వైపున నుండును. పైకెత్తిన మొదటి గేరు, క్రిందికి త్రొక్కిన తక్కిన మూడును పడును.

నేను ఉద్యోగము విరమించిన మరుసటి యేట, గవర్నర్‌పేటలోని మా యింటినుండి కంకిపాడు వైపు పోవుచుంటిని. వెనుక మనుమడు కూర్చుండెను. కాలువగట్టుపై ఎదురుగా ట్రాక్టరు వచ్చుటచే బండి నాపితిని. క్లచ్చి పట్టియే యున్నాను, న్యూట్రల్ పడలేదు. కాలితో గట్టిగా త్రొక్కితిని. బండి ముందుకు దూకి, గట్టు అంచునకు మూరెడు దూరమున నిలిచెను. పిల్లవానికి ఏమియు కాలేదు. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు ఒక మరమ్మతు దుకాణమున చూపగా, గేరుబాక్సు విప్పి పళ్లచక్రములు మార్చవలె ననిరి. వారు చెప్పిన సొమ్ము నా సగము నెల పింఛనును మించెను. ఒక దినము గడువడిగి, పరిచయముగల వృద్ధ మెకానిక్కు కడకు పోయితిని. అతడు ఒక్క పనిముట్టైనను చేతబట్టక చేసిన పరీక్ష యిది.

ఇంజను ఆపి, బండిని పెద్ద స్టాండుపై నిలిపెను. నన్ను వెనుక చక్రము చేతితో మెల్లగా త్రిప్పుమని, తాను గేరుమీటను కదల్చెను. నాలుగు గేరులును సులభముగా పడినవి. చక్రము త్రిప్పకుండ మీటను త్రొక్కినచో లోపలి పళ్లు ఎదురెదురుగా నిలిచి గేరు పడకపోవచ్చును. అది దోషము కాదు.

ఇది మన తర్కశాస్త్రములోని అన్వయవ్యతిరేకములే గదా యని నే నాశ్చర్యపడితిని. ఇంజను తిరుగునప్పుడు కష్టము కలదు, ఆపినప్పుడు లేదు. కనుక దోషము గేరుబాక్సులో లేదు. ఇంజనును గేరుబాక్సును వేరుచేయు క్లచ్చిలో నున్నది. కాడి దింపక ఎద్దును మార్చబూనిన నెట్లుండునో, క్లచ్చి పూర్తిగా విడువక గేరు మార్చుటయు నట్లే. క్లచ్చి పట్టి యున్నను బండి ముందుకు ప్రాకుట ఈ దోషమునకు మరియొక గుర్తు.

అప్పుడు స్వల్పవ్యయము గల కారణము మొదలుకొని వెదకవలెను. మొదటిది క్లచ్చి వైరు. చేతిమీట వద్ద రెండు మూడు మిల్లీమీటర్ల వదులు చాలును. అంతకు మించినచో క్లచ్చి సగమే విడును. వదులు బొత్తిగా లేనిచో ప్లేట్లు జారి అరిగిపోవును. వైరు పోగులు తెగినవా, ట్యాంకు క్రింద నలిగినదా చూడవలెను. రెండవది క్లచ్చి యుండు గదిలోని నూనె. అది మిక్కిలి చిక్కనిదైనను, పాతదైనను ప్లేట్లు అంటుకొనును. చాలకాలము నిలిచియున్న బండికి, న్యూట్రల్‌లో నుంచి, తాళము తీసి, క్లచ్చి పట్టి నాలుగైదుమార్లు కిక్కు కొట్టినచో ప్లేట్లు విడివడును. ఇవన్నియు సరిగా నున్నను కష్టము తీరనిచో, ప్లేట్లు వంగినవో, క్లచ్చి డ్రమ్మునందు గాట్లు పడినవో విప్పి చూడవలెను.

ఇంజను ఆపినను గేరులు బిగువుగానే పడుచున్నచో త్రోవ వేరు. ముందు కాలిమీట వంగినదా, దాని కీలు ఎండిపోయినదా చూచి, పిదప గేరుబాక్సు నూనె పరీక్షింపవలెను. క్లచ్చి గది నూనె వేరు, గేరుబాక్సు నూనె వేరు; ఒకటి పోసితిమి గదా యని రెండవదానిని మరువరాదు. లోపల విప్పుట కట్టకడపటి పని.

నా బండికి చెడినది వైరొక్కటియే. దాని వెల ఒక పూట భోజనపు వెలకు సమానము. వైరు మార్చి, వదులు సరిచేసి, ఆ వృద్ధుడు నావైపు చూచి, "ఎన్నాళ్లనుండి కాలితో తన్నుచున్నారు పంతులుగారూ?" అనెను. నేను తలవంచితిని. ఆరు మాసములనుండి బండి చెప్పుచునే యున్నది. నేను వినక, బలము పెంచుచు వచ్చితిని. ఇంకను అట్లే తన్నియుండినచో నిజముగానే గేరుబాక్సు చెడియుండును. నాడు గట్టుపై నా మనుమని ప్రాణము మీదికి తెచ్చినది బండి కాదు, నా యజాగ్రత్త.

కావున గేరు మొండికెత్తినచో కాలిబలము చూపకుడు. ఇంజను ఆపి ఒకమారు, నడిపి ఒకమారు పరీక్షింపుడు. నిదానము ముందు, చికిత్స పిమ్మట. తమ యిండ్లలోని పిల్లలకును ఈ మాట చెప్పుడు.

సెలవు.