నిన్నటి దాకా పరిగెత్తాడే!

పొద్దున్నే పిల్లాడు మంచం దిగాడు. గుమ్మం దాకా నాలుగడుగులు వేశాడు. పొయ్యి దగ్గరున్న తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. కుడికాలు పూర్తిగా ఆనించడం లేదు!

‘‘అత్తా, వీని నడక చూడు’’ అంది.

‘‘నిన్న అరుగు మీంచి ఎగిరి దూకినాడు కదమ్మా, బెణికింటాది. రేపటికి సరిపోతాది’’ అంది జేజి. బడికి ఎగనామం పెట్టే ఎత్తు అన్నాడు తండ్రి. ఎవరో దిష్టి అన్నారు. ఇంకెవరో ఆముదం రాసి తోమమన్నారు. కళ్యాణదుర్గం పల్లె అయినా, ధర్మవరం మగ్గాల వీధి అయినా సీన్ ఇదే. మూడు నాలుగేళ్ల పిల్లాడికి ఏమైందో చెప్పడం రాదు. పెద్దవాళ్లకు ఏమీ తోచదు. తల్లి మనసు మాత్రం కుదుటపడదు.

కుదుటపడకపోవడమే మంచిది. ఎందుకంటే కుంటడం జబ్బు కాదు, జబ్బు పంపిన కబురు. అది చిన్న కబురో, పెద్ద కబురో తేల్చుకోవడానికి ఒక్కోసారి వారం వ్యవధి ఉంటుంది. ఒక్కోసారి ఒక్క రాత్రే.

అనంతపురం మెట్టభూముల్లో ముందు చూడాల్సింది అరికాలు. కంపచెట్టు ముల్లు విరిగి లోపల ఉండిపోతే పైకి చుక్కంత మచ్చే కనబడుతుంది. చెప్పులో గులకరాయి, వేళ్ల సందున పుండు, గోరు చుట్టూ చీము... వైద్యులు కూడా మొదట వెతికేవి ఇవే. అక్కడ దొరికిపోతే అందరూ నవ్వుకుని వదిలేయొచ్చు.

దొరక్కపోతేనే అసలు కథ.

జేజి భయం... తల్లి భయం

పైకి బెణుకు అంటున్నా జేజి లోపలి భయం వేరు. ఆమె కాలంలో కాలు ఈడ్చే పిల్లాడంటే పోలియోనే. చేతికర్రతో, కాలికి ఇనుప కడ్డీల చెప్పుతో పెరిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో లేదన్న ధ్రువీకరణ వచ్చింది. అయినా కాపలా తీయలేదు. పదిహేనేళ్లలోపు పిల్లల్లో కాలో చెయ్యో ఉన్నట్టుండి చచ్చుబడి మెత్తబడితే ఇప్పటికీ ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే. రెండు వారాల్లోపు, 24 గంటల తేడాతో రెండుసార్లు మలం నమూనాలు తీసి పరీక్షకు పంపుతారు. నొప్పి లేకుండా కాలు వేలాడిపోతోందా, నొప్పి వల్ల ఆనించడం లేదా అన్నది అందుకే ముఖ్యం.

తల్లి భయం ఇంకొకటి. నీళ్లు! అనంతపురంలో పుట్టిన ఎవరికైనా ఆ అనుమానం రావడం సహజం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల ఇది. బోరు లోతుకు వెళ్లేకొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ నీటితో పాటు పైకొస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన దేశపు ప్రమాణం. ఈ జబ్బును దేశంలో మొదట గుర్తించింది కూడా తెలుగునేల మీదే. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి 1937లో వైద్యులు రాశారు. కీళ్లు బిగుసుకుపోయి దుక్కిటెద్దులు నడవలేకపోవడం అంతకుముందే రైతుల కంట పడింది. మనుషుల కన్నా ముందు ఎద్దులు కుంటాయన్నమాట!

అయితే ఒక తేడా ఉంది. ఫ్లోరైడ్ రాత్రికి రాత్రి ఒక్క కాలిని పట్టుకోదు. ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మరకలు, తర్వాత ఎముకల్లో, కీళ్లలో బిగువు. పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా రెండు కాళ్లూ వంకరపోవచ్చు. ఈ వంకర కాళ్ల గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల మీద ఫ్లోరైడ్ దెబ్బ మరింత గట్టిగా పడుతుంది. ఇక్కడే రాగిసంగటి గుర్తుకొస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో పదికి అటూ ఇటూ. సంగటి పోయి చౌకబియ్యం అన్నం వచ్చిన ఇళ్లలో పిల్లల ఎముకలు ఎంత నష్టపోయాయో ఎవరు లెక్కపెట్టారు గనక? సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో 700కు పైగా పల్లెలకు మంచినీళ్లు అందించింది. అయినా కొళాయి రాని రోజున బిందె బోరు దగ్గరికే వెళ్తుంది.

కాబట్టి నిన్న మొదలైన ఒంటికాలి కుంటుకు నీళ్లను తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. చూడాల్సింది తుంటి.

మోకాలు చెప్పే అబద్ధం

‘‘ఎక్కడ నొప్పి నాన్నా?’’ అంటే పిల్లాడు మోకాలు చూపిస్తాడు. మోకాలు చూస్తే నిక్షేపంలా ఉంటుంది. తుంటికీ మోకాలికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి కాబట్టి తుంటిలో జబ్బు మోకాట్లో పలుకుతుంది. మోకాలికి ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదని ఇంటికొచ్చి మోసపోయేది ఇక్కడే.

చాలాసార్లు జరిగేది చిన్నదే. జలుబో జ్వరమో తగ్గిన తర్వాత తుంటి కీలులో కాస్త వాపు వస్తుంది. మూడు నుంచి పదేళ్లలోపు పిల్లల్లో ఇది మామూలు. విశ్రాంతి ఇస్తే వారం, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. కానీ ఇదే అని ఇంట్లో కూర్చుని తేల్చేయడానికి లేదు. ఎందుకంటే అదే తుంటిలో చీము చేరినా మొదటి రోజు అచ్చం ఇలాగే ఉంటుంది. చీము ఒత్తిడికి తుంటి బంతికి రక్తం ఆగిపోతుంది. ఆ బంతి దెబ్బతింటే బతుకంతా కుంటే. గంటల్లో కీలు తెరిచి కడగాలి.

రెంటినీ విడదీయడానికి బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 1999లో నాలుగు గుర్తులు చెప్పారు. 101 డిగ్రీలు దాటిన జ్వరం, కాలు అసలు నేలకు ఆనించకపోవడం, రక్తంలో ఈఎస్‌ఆర్ 40 దాటడం, తెల్లకణాలు 12 వేలు దాటడం. నాలుగూ ఉంటే చీము అనడానికి నూటికి 99 పాళ్లు అవకాశం. వీటిలో మొదటి రెండూ తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, అమ్మ చాలు. జ్వరంతో కాలు పెట్టని పిల్లాణ్ని నూనె రాసి తోమడం, కట్టు కట్టించడానికి బస్సెక్కించడం... ఆ రాత్రికి ఈ రెండూ పనికిరావు. ఎముక విరిగితే కట్టు సంగతి వేరు, జ్వరంతో వచ్చిన కుంటు వేరు.

నొప్పి లేని కుంటు ఇంకో రకం మోసగత్తె. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మగపిల్లాడు ఆడి వచ్చిన సాయంత్రం మాత్రం కుంటుతూ, పొద్దునకు బాగానే ఉంటూ నెలలు గడిపేస్తాడు. తుంటి బంతికి రక్తం తగ్గి ఎముక మెత్తబడే పెర్తీస్ జబ్బు కావచ్చు. 1910లో ముగ్గురు వైద్యులు మూడు దేశాల్లో విడివిడిగా దీన్ని వర్ణించారు. వారాల తరబడి కుంటు, నిద్రలో ఉలిక్కిపడి ఏడుపు, బరువు తగ్గడం ఉంటే క్షయ అనుమానించాలి. పాలిపోయి, ఒంటిమీద కారణం లేని కమిలిన మచ్చలు కనిపిస్తే రక్తపరీక్ష తప్పదు. నడక నేర్చిన రోజు నుంచే ఒక పక్కకు ఒరుగుతుంటే పుట్టుకతోనే తుంటి జారి ఉండొచ్చు. ఆరునెలల్లోపు పట్టుకుంటే పట్టీలతో సరిపోయేది, నడిచాక ఆపరేషన్ దాకా వెళ్తుంది. కాళ్లు చాపి గట్టిగా చుట్టేస్తే తుంటికి చెరుపు. మన జేజిలు కాళ్లు ఎడంగా పెట్టి చంకనేసుకోవడమే తుంటికి మేలని ఇప్పుడు వైద్యులూ ఒప్పుకుంటారు.

ఎక్కడికి వెళ్లాలి?

బత్తలపల్లి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అక్కడ ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. విసెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీకే వైద్య బృందం వస్తుంది. వాళ్లు చూసే జబ్బుల్లో తుంటి జారడం, వంకర పాదం, రికెట్స్ కూడా ఉన్నాయి. అయితే వాళ్లొచ్చే రోజు దాకా జ్వరం ఆగదు. కూలి పోతుందని, చెనక్కాయలు పీకే రోజులని వాయిదా వేసేది ఇక్కడే. మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా కుంటు తగ్గకపోతే మళ్లీ వెళ్లాల్సిందే. పెర్తీస్, ఎముక చీము రెండూ మొదట్లో ఫిల్ము మీద దాక్కుంటాయి.

ఇంకో చిక్కుంది. మూడు బస్సులు మారి, చీటీ రాయించుకుని, గంటల తరబడి కూర్చుని లోపలికి వెళ్లేసరికి డాక్టరుగారు ‘‘ఏదీ, నడువు నాయనా’’ అంటారు. పిల్లాడు సిపాయిలా నడిచేస్తాడు! తల్లి ముఖం చిన్నబోతుంది. అందుకే పొద్దున మంచం దిగి వేసే ఆ మొదటి నాలుగడుగులను, సాయంత్రం ఆడొచ్చిన నడకను ఫోన్లో వీడియో తీసి పెట్టుకోవాలి. చెప్పులు లేకుండా, మోకాళ్లు కనబడేలా నిక్కరుతో, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి.