సంతకం ఎవరిది?

ఎమ్మిగనూరులో మా చుట్టాల వీధిలో ఒక మగ్గం ఇల్లు ఉంది. ఆ ఇంటమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసింది. డిగ్రీ దాకా వచ్చిన మనిషి ఆ ఇంట్లో ఆమే మొదలు. ఫలితాలు వచ్చిన రెండో రోజు నన్ను పట్టుకుంది. "అన్నా, ఎంకాం చేయల్లా, వద్దా? అకౌంట్స్ లైన్లో పోవాలనుంది. నాయన నువ్వేం చెప్తే అది అంటాండాడు."

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండేళ్ల కాలం, ఇంటి డబ్బు, ఒక ఆడపిల్ల బతుకు. నోటికొచ్చిన మాట చెప్పి తప్పుకునే విషయం కాదు. అందుకే ముందు ఆదోని వెళ్దాం రమ్మన్నాను. అకౌంటెంటు పని అంటే ఏమిటో కళ్లారా చూశాకే ఎంకాం మాట మాట్లాడుకోవాలనిపించింది.

ఆదోనిని పెద్దలు రెండో బొంబాయి అనేవాళ్లు. దసరా దాటితే మార్కెట్ యార్డు పత్తితో తెల్లబడుతుంది. రైతు లాటు దించుతాడు, టెండరు పడుతుంది, కమీషన్ ఏజెంటు అమ్మకం లెక్క చీటీ, తక్‌పట్టీ, రాస్తాడు, పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరుతుంది. అకౌంటెంటు పని అక్కణ్నుంచి మొదలు. క్వింటా పత్తి ఆడిస్తే దూది సుమారు 34 కిలోలు. మిగిలినదంతా గింజ, కాస్త తరుగు. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే దాదాపు ఐదు క్వింటాళ్ల పత్తి కావాలి. పత్తి, దూది, గింజ మూడింటి నిల్వలూ సాయంత్రానికి ఒకదానితో ఒకటి కుదరాలి. కుదరకపోతే తూకంలోనో, రాతలోనో, మనిషిలోనో తేడా ఉన్నట్టే.

దీని మీద జీఎస్టీ. 2017 జులై 1న ఆ పన్ను వచ్చింది. అదే ఏడాది నవంబర్ 15 నుంచి రైతు దగ్గర కొన్న ముడి పత్తి మీద పన్ను కట్టే బాధ్యత కొన్నవాడి మీద పడింది. లక్ష రూపాయల పత్తి కొంటే 5 శాతం, అంటే 5 వేలు మిల్లే కట్టాలి. ఖాతాలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఎంత ఉన్నా దాంతో సర్దడానికి లేదు. ముందు నగదు కట్టాలి, తర్వాతే క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవాలి. సీజన్‌లో రోజుకు లక్షల కొనుగోళ్లు జరిగే మిల్లుకు ఆ నగదు నెలనెలా 20వ తేదీలోగా సిద్ధంగా ఉండాలి. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. ఈ సంగతి తెలిసిన మనిషిని మిల్లు యజమాని వదులుకోడు, పట్టా ఏమిటని అడగడు. అతను చూసేది టాలీ సాఫ్ట్‌వేర్‌లో వేగం, రిటర్ను వేయడంలో నమ్మకం.

ఈ పని ఎంకాంలో రాదా? పునాది వస్తుంది. కాస్ట్ అకౌంటింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ లోతుగా చదివితే మనిషికి వచ్చే చూపు వేరు, దాన్ని తక్కువ చేయను. కానీ పన్నుల చట్టం ఏ పాఠ్యపుస్తకం కోసమూ ఆగదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టాన్ని పక్కకు తప్పిస్తూ 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కొత్త చట్టం తెచ్చారు. తరగతి గదిలో ఒకసారి నేర్చుకుని వదిలేసే విద్య కాదిది.

ఇక అసలు ప్రశ్న: కింద సంతకం ఎవరిది? కంపెనీ లెక్కలకు ఆడిటర్‌గా సంతకం పెట్టే హక్కు చట్టం చార్టర్డ్ అకౌంటెంటుకే ఇచ్చింది. ట్యాక్స్ ఆడిట్ కూడా అంతే. కాస్ట్ ఆడిట్ కాస్ట్ అకౌంటెంటుది. ఎన్ని ఎంకాంలు చేసినా ఆ చోట పేరు పడదు. జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావడానికి బీకాం అర్హత చాలు, అక్కడా ఎంకాం అడగరు.

ఆ సంతకం కావాలంటే చార్టర్డ్ అకౌంటెన్సీ, అంటే సీఏ, చదవాలి. కామర్స్ డిగ్రీలో 55 శాతం వస్తే సీఏ ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌కు పోవచ్చు. అందులో రెండు గ్రూపులు, ఆరు పేపర్లు. అవి గట్టెక్కాక ఆడిటర్ దగ్గర శిక్షణ, ఆర్టికల్‌షిప్. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో దాన్ని మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. ఎంకాంకూ రెండేళ్లే. దారి నున్నగా ఉందని మాత్రం అబద్ధం చెప్పను. సీఏ పరీక్షలో తప్పేవాళ్లే ఎక్కువ. ఎన్నేళ్లు పడుతుందో ముందే చెప్పలేం, స్టైపెండ్ కొద్దిది. ఇల్లు గడవాల్సిన పిల్లకు ఆ అనిశ్చితి చాలా బరువు.

మరి ఎంకాం ఎవరికి? పాఠం చెప్పాలనుకునేవాళ్లకు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ తప్పనిసరి. డిగ్రీ కాలేజీకి దాని మీద నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష కూడా కావాలి. అయితే 2021లో యూజీసీ సీఏ, కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెన్సీలను పీజీతో సమానంగా గుర్తించింది. సీఏ అయినవాళ్లు ఎంకాం లేకుండానే నెట్ రాయవచ్చు. ఎంకాం చేసినవాళ్లకు మాత్రం సీఏ సంతకం రాదు.

సముద్రం అవతల లెక్క వేరు. అమెరికా అకౌంటెంటు లైసెన్సు సీపీఏకు చాలాకాలంగా 150 క్రెడిట్ గంటల చదువు చూపాలి. మూడేళ్ల బీకాంతో అది నిండదు గనుక మనవాళ్లు ఎంకాం కలిపి లెక్క చూపుతున్నారు. ఆ నిబంధనను ఇప్పుడు ఒక్కో రాష్ట్రం సడలిస్తోంది. 2025లో ఒహాయో చట్టం మార్చి, డిగ్రీకి రెండేళ్ల అనుభవం తోడైతే చాలంది. హైదరాబాద్‌లో అమెరికా పన్ను రిటర్నులు తయారుచేసే ఆఫీసుల్లో ఎంకాంకు విలువ ఉంది. కానీ అక్కడ ముందుగా చూసేది ఇంగ్లిష్.

నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. మన పక్క చాలామంది ఎంకాం చేరేది చదువు కోసం కాదు, భయంతో. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు ఊళ్ల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి, గుంటూరు మిరప తోటలకు, బెంగళూరు కట్టడాల పనికి. ఆ ఇళ్లలో డిగ్రీ అయిన కొడుకు ఖాళీగా ఉంటే ఊరు ఊరుకోదు. ఎంకాం చదువుతున్నానంటే రెండేళ్లు ఎవరూ అడగరు. ఆ తర్వాత మళ్లీ అదే వాకిట్లో నిలబడతాడు, వయసు రెండేళ్లు పెరిగి.

ఆడపిల్లల సంగతి వేరు. ఎంకాం సీటంటే వాళ్లకు పెళ్లి రెండేళ్లు వెనక్కి జరగడం. ఆ రెండేళ్లలో ఒక పిల్ల తన కాళ్ల మీద నిలబడే దారి చూసుకుంటే, ఆ సీటు వృథా అని ఏ అకౌంటెంటు లెక్క చెప్పినా ఒప్పుకోను. అందుకే ఆ అమ్మాయిని అడిగాను, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా అని. తలొంచుకుంది. చూస్తున్నారట.

తిరుగు బస్సులో ఒక మాట అనుకున్నాం. ఆదోనిలో ఒక ఆడిటర్ ఆఫీసులో సహాయకురాలిగా పని, సీఏ ఇంటర్మీడియట్‌కు నమోదు, ఇగ్నోలో దూరవిద్య ఎంకాం. ఇంటర్మీడియట్ రెండు ప్రయత్నాల్లో గట్టెక్కకపోతే ఎంకాం పూర్తిచేసి నెట్ వైపు తిరగడం. రెండు పడవల మీద కాళ్లనే వాళ్లుంటారు. వెనక ఆస్తి లేని ఇంటికి రెండో పడవ ఉండాలంటాను నేను. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు, రోజూ బస్సు.

వాళ్ల నాయనకు నచ్చజెప్పడమే మిగిలింది. ఆయన సొసైటీ మగ్గం మనిషి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టింది ఇలాంటి ఇళ్ల కోసమే.  నూలు ఎంత ఇచ్చారు, బట్ట ఎంత వచ్చింది, కూలి ఎంత అని సంఘం పుస్తకంలో పద్దు పడితేనే నేతగానికి తన లెక్క తనకు తెలిసేది.

పిల్ల ఆదోని ఆడిటర్ ఆఫీసు నుంచి తెచ్చిన ఒక పాత బ్యాలెన్స్ షీట్ నకలు నాయన ముందు పరిచింది. అంకెల వైపు ఆయన చూడలేదు.

"నువ్వు పెట్టే సంతకం యాడ పడతాది?" అన్నాడు.

కాగితం కింద ఖాళీ మీద వేలు పెట్టి చూపించింది.

ఆయన మగ్గం గుంటలోంచి లేచి, చేతులు తుడుచుకుని, ఆ కాగితాన్ని దీపం దగ్గరికి పట్టుకుపోయాడు.